దాచి మింగే మాత్ర

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

విశ్రాంత ఉద్యోగుల సమావేశానికి వైద్యుణ్ణి పిలిస్తే మోకాళ్ల నొప్పుల గురించో, కంటి శుక్లాల గురించో మాట్లాడమని అడగడం మామూలు. ఈ నెల నిర్వాహకులు అంగస్తంభన లోపం గురించి, దానికి వాడే మాత్రల గురించి మాట్లాడమన్నారు. ఆడవాళ్లు కూడా వినవలసిన విషయమేనని వారినీ పిలిచారు. అందుకు మనసారా కృతజ్ఞతలు చెబుతున్నాను. ఈ మాత్రలు తగినవారికి తగిన మోతాదులో ఇస్తే చాలావరకు నిరపాయమైనవే. వీటి వల్ల ఈ ఊళ్లో నేను చూసిన కీడుకు ఇంచుమించుగా ఒకటే కారణం. భార్యకు చెప్పరు, బీపీ చూసే డాక్టరుకు చెప్పరు, చివరికి గుండెనొప్పితో ఆస్పత్రి మంచం మీద పడుకున్నప్పుడు కూడా చెప్పరు. నేను ఈ సాయంకాలం చెప్పబోయేదంతా ఆ దాపరికం పోవాలన్న కోరికతో చెబుతున్నదే.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. సంభోగానికి చాలినంత గట్టిదనం రాకపోవడం, వచ్చినా నిలవకపోవడం, అది కొన్ని నెలలపాటు కొనసాగడం అంగస్తంభన లోపం అనిపించుకుంటుంది. అలసిపోయిన రోజునో, మనసు బాగాలేని రోజునో ఒకటి రెండుసార్లు అలా జరిగితే అది జబ్బు కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మగవారిని పరిశీలించి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి 52 మందికి ఏదో ఒక స్థాయిలో ఈ ఇబ్బంది ఉన్నట్టు తేలింది. ఇందులో స్వల్పమైన ఇబ్బంది ఉన్నవారూ కలిసే ఉన్నారు కాబట్టి ఆ అంకెను చూసి బెదరనక్కరలేదు. కానీ ఇది తన ఒక్కడికే వచ్చిన శాపమని రాత్రిళ్లు కుమిలిపోయే మనిషికి ఆ అంకె తెలియడం ఎంతో అవసరం.

మన ప్రాంతంలో దీన్ని నరాల బలహీనతగా భావించి బలం మందులు మింగేవారే ఎక్కువ. నరాల పాత్ర లేకపోలేదు, ముఖ్యంగా షుగరు ఉన్నవారిలో. అయితే నడివయసు దాటినవారిలో ఎక్కువగా దెబ్బతినేది రక్తనాళాలు. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా సంకేతాలు అంగానికి చేరతాయి. అక్కడి నరాల కొసలూ రక్తనాళాల లోపలి పొరా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువు కండరకణాల్లో సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని పెంచుతుంది. అది పెరిగేకొద్దీ నాళాల గోడల కండరాలు సడలి, అంగంలోని గుల్ల కణజాలంలోకి రక్తం ఉరుకుతుంది. నిండిన ఆ కణజాలం రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలను అదిమిపెట్టడం వల్ల గట్టిదనం నిలుస్తుంది. పని ముగిశాక పీడీఈ-5 అనే ఎంజైము సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టి అంతా యథాస్థితికి తెస్తుంది. ఈ వరుసలో ఎక్కడ లోపం వచ్చినా ఫలితం ఒకటే.

ఇక్కడ ఒక విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. అంగానికి రక్తాన్ని తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించే ధమనులది 3 నుంచి 4 మిల్లీమీటర్లు. మామిడి తోటకు డ్రిప్పు వేసిన మన జిల్లా రైతును ఎవరినైనా అడగండి: బోరు నీళ్లలోని ఉప్పు పేరుకుంటే ముందుగా మూసుకుపోయేది చెట్టు మొదట్లోని సన్న గొట్టమే, పెద్ద పైపు సంగతి బయటపడేది చాలా ఆలస్యంగా. మన ఒంట్లోనూ షుగరు, బీపీ, కొలెస్ట్రాలు, పొగాకు అన్ని నాళాలనూ ఒకేసారి పాడుచేస్తున్నా, సన్ననివాటిలో లక్షణం ముందు కనిపిస్తుంది. అందుకే చాలామందిలో ఈ ఇబ్బంది గుండెజబ్బు కంటే రెండు నుంచి ఐదేళ్లు ముందుగా వస్తుందని గుండె నిపుణులు గుర్తించారు. 45 ఏళ్ల మనిషి సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని పని గడుపుకుంటే, ఆ రాత్రికి ఇబ్బంది తీరవచ్చు. గుండెపోటును తప్పించుకోవడానికి దొరికిన ఆ కొన్నేళ్ల వ్యవధి మాత్రం చేజారిపోతుంది. చేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుని నలుగురికీ చూపించుకుంటూ తిరిగే మనం, ఈ ఒక్క అవయవం విషయంలో ప్రాణం మీదికి తెచ్చుకునేదాకా నోరు విప్పకపోవడం నన్ను ఎంతో బాధిస్తుంది.

ఇక మందు చరిత్ర. ఛాతీ నొప్పికి నైట్రోగ్లిజరిన్ పనికివస్తుందని విలియం మరెల్ అనే ఆంగ్ల వైద్యుడు 1879లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. డైనమైట్‌లో ఉండే పదార్థం కూడా ఇదే. డైనమైట్‌ను కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు జీవిత చరమదశలో గుండెనొప్పి వస్తే వైద్యులు ఇదే మందు రాశారు. అది ఎలా పనిచేస్తుందో మాత్రం దాదాపు వందేళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుందనీ, ఆ వాయువే రక్తనాళాలను సడలిస్తుందనీ రుజువు చేసిన పరిశోధనలకు రాబర్ట్ ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరీద్ మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అదే ఏడాది మార్చి 27న సిల్డెనాఫిల్‌కు, అంటే వయాగ్రాకు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఈ రెండు సంఘటనలూ ఒకే ఏడాదిలో జరగడం యాదృచ్ఛికమే కావచ్చు, కానీ వాటి మూలం ఒక్కటే. ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే చిన్న ఊళ్లో ఉన్న ఫైజర్ పరిశోధనశాలలో 1989లో తయారైన ఈ పదార్థాన్ని గుండెనొప్పికి మందుగానే పరీక్షించారు. గుండెనొప్పి మీద అది ఆశించినంతగా పనిచేయలేదు. అయితే 1990ల తొలి ఏళ్లలో పరీక్షల్లో పాల్గొన్న ఆరోగ్యవంతులైన కొందరు మగవారు, మందు వాడుతున్న రోజుల్లో అంగస్తంభన ఎక్కువగా కలుగుతున్నట్టు చెప్పారు. అడిగితే సిగ్గుపడకుండా చెప్పారు కాబట్టి పరిశోధకులు దాన్ని పట్టించుకుని దారి మళ్లారు. ఆ కొద్దిమంది నోరు విప్పకపోతే ఈ మందు గుండె మందుల అటకమీదే మిగిలిపోయేదేమో.

అంతకుముందు ఉన్న చికిత్సలు సుఖమైనవి కావు. 1970లలో శస్త్రచికిత్సతో అమర్చే, గాలిబుడగలా నింపుకునే ఇంప్లాంటు వచ్చింది. 1982లో రొనాల్డ్ విరాగ్ అనే ఫ్రెంచి వైద్యుడు పాపావెరిన్ అనే మందును నేరుగా అంగంలోకి ఇంజక్షన్‌గా ఇచ్చి ఫలితం చూపించాడు. నోటి మాత్ర రావడంతో ఒక్కసారిగా ఈ సమస్య సాధారణ వైద్యుడి గదిలోకి వచ్చింది. ఇదే జాతికి చెందిన వార్డెనాఫిల్, టడలాఫిల్ 2003లో, అవనాఫిల్ 2012లో అమెరికాలో అనుమతి పొందాయి. మన దేశంలో 2005 దాకా మందు పదార్థంపై పేటెంటు ఇచ్చే చట్టం లేదు కనుక 2001 నుంచే భారతీయ కంపెనీలు సిల్డెనాఫిల్‌ను తమ సొంత పేర్లతో తక్కువ ధరకు అమ్మడం మొదలుపెట్టాయి. పేదవాడికి అందినందుకు నేను సంతోషిస్తాను. చీటీ అడగకుండా అమ్మే దుకాణాల వల్ల ఆ చౌకదనమే ప్రమాదంగా మారినందుకు బాధపడతాను.

మాత్ర ఏం చేస్తుందో, ఏం చేయదో స్పష్టంగా తెలుసుకోవాలి. సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది, అంతే. కోరికను పుట్టించదు, స్పర్శ, సాన్నిహిత్యం లేకుండా దానంతట అది పనిచేయదు, వీర్యకణాలను పెంచదు, సంతానం ఇవ్వదు. సిల్డెనాఫిల్‌ను సుమారు గంట ముందు వేసుకోవాలి. నెయ్యి, నూనె దండిగా ఉన్న భోజనం చేసి వేసుకుంటే అది ఒంటికి పట్టడం ఆలస్యమవుతుంది. పెళ్లి భోజనం చేసి వచ్చి మాత్ర వేసుకుని, మందు పనిచేయలేదని మర్నాడు రెట్టింపు మోతాదు వేసుకునేవారిని చూశాను. టడలాఫిల్‌కు భోజనంతో పేచీ లేదు, దాని ప్రభావం 36 గంటలదాకా ఉండవచ్చు. తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ, కడుపులో మంట, సిల్డెనాఫిల్‌తో కొద్దిసేపు చూపులో నీలిరంగు ఛాయ, టడలాఫిల్‌తో నడుమునొప్పి రావచ్చు. ఇవి చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. హఠాత్తుగా చూపు గానీ వినికిడి గానీ తగ్గినా, గట్టిదనం నాలుగు గంటలు దాటి తగ్గకపోయినా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి, తెల్లారాక చూద్దామనుకోకూడదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట. గుండెజబ్బు ఉన్న చాలామంది జేబులో నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర ఉంటుంది. అది నైట్రేట్ జాతి మందు, నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతుంది. అంగస్తంభన మాత్రలేమో ఆ నైట్రిక్ ఆక్సైడ్ పుట్టించిన సైక్లిక్ జీఎంపీని విరగకుండా ఆపుతాయి. రెండూ ఒంట్లో కలిస్తే ఒళ్లంతటా రక్తనాళాలు ఒకేసారి సడలి, బీపీ ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. సిల్డెనాఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలాఫిల్ వేసుకున్నాక 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదని నియమం. రోజూ నైట్రేట్ వాడేవారు ఈ మాత్రలను అసలు ముట్టకూడదు.

ఈ నియమం క్యాజువాల్టీలో ఎలా విఫలమవుతుందో చెబుతాను. 60 దాటిన మనిషిని అర్ధరాత్రి ఛాతీ నొప్పితో తీసుకొస్తారు. మంచం చుట్టూ కొడుకు, కోడలు, అల్లుడు, పక్కింటాయన. డ్యూటీలో ఉన్న డాక్టరు ఇరవై అయిదేళ్ల అమ్మాయి. ఆమె ఒక చేత్తో ఈసీజీ తీగలు అతికిస్తూ, "నాయనా, ఈ రెండు రోజుల్లో ఆ రకం మాత్ర ఏమైనా వేసుకున్నారా?" అని అడుగుతుంది. ఆయన కోడలి వైపు ఒకసారి చూసి, లేదన్నట్టు తల అడ్డంగా ఊపుతాడు. నర్సు చేతిలో సార్బిట్రేట్ సిద్ధంగా ఉంటుంది. ఇలాంటి ఒక రాత్రి ఆ డాక్టరమ్మ అందరినీ తెర అవతలికి పంపి, వంగి చెవిలో మళ్లీ అడిగింది. అప్పుడు ఆయన అవునన్నాడు, నైట్రేట్ బదులు వేరే మందులతో నొప్పి తగ్గించారు, బతికాడు. నేను బోధించిన ఏ పాఠం కంటే ఆమె ఆ తెర లాగడమే గొప్ప వైద్యం. కానీ ప్రతి క్యాజువాల్టీలో తెర ఉండదు, ప్రతి డాక్టరుకూ రెండోసారి అడిగే తీరిక ఉండదు. అందుకే ఇక్కడున్న అమ్మలను ప్రత్యేకంగా వేడుకుంటున్నాను: మీ ఇంటాయన ఈ మాత్ర వాడుతున్నాడని మీకు తెలిసి ఉంటే, 108 అంబులెన్సు ఎక్కగానే ఆ సంగతి చెప్పండి. అందులో ఆయన పరువు పోయేదేమీ లేదు.

గుండెజబ్బు ఉన్నంత మాత్రాన ఈ మందు అందరికీ నిషిద్ధం కాదు. నైట్రేట్లు వాడకుండా, జబ్బు అదుపులో ఉన్నవారికి డాక్టరు చూసి ఇవ్వవచ్చు. సంభోగంలో గుండెమీద పడే శ్రమ సమతలం మీద 20 నిమిషాల్లో ఒక మైలు నడిచినంత అని లెక్క. అలిపిరి మెట్లు ఛాతీ నొప్పి లేకుండా ఎక్కగలిగినవారికి ఆ శ్రమ సాధారణంగా భారం కాదు. గోవిందరాజస్వామి గుడి చుట్టూ నడిస్తేనే ఛాతీ బిగుసుకునేవారు ముందు గుండె సంగతి తేల్చుకోవాలి. ఇటీవల గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారికి, బీపీ మరీ ఎక్కువగానో తక్కువగానో ఉన్నవారికి ఇది తగదు. ప్రోస్టేటుకు టామ్సులోసిన్ వంటి మందులు వాడేవారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, లేకపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. ఇంకొక సంగతి: కొన్ని బీపీ మందులు, మానసిక ఒత్తిడికి వాడే కొన్ని మందులు కూడా ఈ లోపానికి కారణం కావచ్చు. అనుమానం వస్తే డాక్టరుతో చెప్పి మార్పించుకోండి, సొంతంగా ఆపేయకండి. బీపీ మందు ఆపి పక్షవాతం తెచ్చుకోవడం ఏ లెక్కనా లాభం కాదు.

ఇక లాడ్జి వైద్యుల సంగతి. బస్టాండు చుట్టుపక్కల గోడల మీద, రైలు కంపార్టుమెంట్ల తలుపుల మీద, ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో రహస్య వ్యాధులకు శాశ్వత చికిత్స అంటూ అతికించిన కాగితాలు మీరందరూ చూసినవే. లైంగిక శక్తిని పెంచుతామంటూ మందులను ప్రచారం చేయడాన్ని 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది. ఆ చట్టం వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా ఆ కాగితాలు అలాగే ఉన్నాయి. వాళ్ల దగ్గరికి వెళ్లినవారిలో కొందరు మందు పనిచేసిందని నిజాయితీగానే చెబుతారు. దానికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మనసు. 1998 మే నెలలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన సిల్డెనాఫిల్ అధ్యయనంలో, మందు వాడినవారు చేసిన ప్రయత్నాల్లో నూటికి 69 సఫలమయ్యాయి. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో కూడా నూటికి 22 సఫలమయ్యాయి. నమ్మకానికి కూడా అందులో భాగం ఉంటుంది. రెండో కారణం భయంకరమైనది. మూలికల మందు అని అమ్మే పొడుల్లో, గుళికల్లో లేబులు మీద రాయకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు పరీక్షల్లో కనిపెట్టి హెచ్చరికలు జారీచేసింది. ఎంత మోతాదు కలిపారో మింగేవాడికి తెలియదు, తాను ఆ మందు వాడుతున్నట్టే తెలియదు. క్యాజువాల్టీలో డాక్టరు అడిగితే మనస్ఫూర్తిగా లేదనే అంటాడు. ఆయుర్వేదం మీద నాకు గౌరవం ఉంది. దాని ఎనిమిది విభాగాల్లో లైంగిక శక్తికి సంబంధించిన వాజీకరణం ఒకటి, చరక సంహిత చికిత్సాస్థానంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ పేరు చెప్పుకుని అల్లోపతి మందును పొడిలో దాచి అమ్మేవాళ్ల మీదే నా కోపం.

ఈ సభలో తాతలే ఎక్కువ కాబట్టి మనవళ్ల సంగతి కూడా చెప్పాలి. పెళ్లి కుదిరిన కుర్రవాళ్లు స్నేహితుల మాట విని ముందుజాగ్రత్తగా ఈ మాత్రలు వాడుతున్నారు. తెల్లవారుజామున సహజంగా అంగస్తంభన కలుగుతున్న యువకుడిలో నరాలు, రక్తనాళాలు సాధారణంగా బాగానే ఉన్నట్టు. అతన్ని పట్టి పీడించేది భయం. మాత్రతో మొదలుపెడితే, మాత్ర లేకుండా తనకు చేతకాదన్న కొత్త భయం దానికి తోడవుతుంది. అతనికి కావలసింది నిదానంగా మాట్లాడే డాక్టరు, అవసరమైతే కౌన్సెలింగు.

షుగరు ఉన్నవారికి ఒక మాట. 1999లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో షుగరు ఉన్న మగవారిలో సిల్డెనాఫిల్‌తో నూటికి 56 మంది మెరుగుపడ్డారు, ఉత్తుత్తి మాత్రతో 10 మంది. అంటే సగం మందికి పైగా ఫలితం ఉంది, కొందరికి ఉండదు. ఒకసారి వేసుకుని పనిచేయలేదని వదిలేయకుండా, డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన పద్ధతిలో కనీసం ఆరేడు సందర్భాల్లో వాడి చూడాలి. అప్పటికీ ఫలితం లేకపోతే వాక్యూమ్ పంపు ఉంది, నేరుగా అంగంలోకి ఇచ్చే ఆల్ప్రొస్టాడిల్ ఇంజక్షన్ ఉంది, చివరగా ఇంప్లాంటు శస్త్రచికిత్స ఉంది. షుగరు అదుపులో పెట్టుకోవడం, బీడీ సిగరెట్టు మానడం, రోజూ నడవడం వీటన్నింటికీ బలాన్నిస్తాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ, నాటు మందు పొట్లాలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే అది చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందు అని గుర్తు. షుగరు, కొలెస్ట్రాలు పరీక్షల కాగితాలు, ఈసీజీ ఉంటే అదీ తీసుకెళ్లండి. కోరిక కూడా తగ్గిందనిపిస్తే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను పరీక్ష చేయమంటారు, దానికి ఉదయం పూటే రక్తం ఇవ్వాలి. వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి.

నిర్వాహకులు ఇప్పుడు కాగితం ముక్కలు పంచుతారు. పేరు రాయకుండా మీ ప్రశ్న మాత్రం రాసి ముందు వరుసకు అందించండి. ఒక్కొక్కటే చదివి, చీకటి పడినా సరే, అన్నింటికీ జవాబు చెప్పే వెళతాను.